రెండు పెన్సిల్ సెల్లు

కువైట్
2001 ఫిబ్రవరి 18

అమ్మాయి దుర్గకి,

రాత్రిబడిలో నువ్వు నేర్పిన అక్షరాలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. వంకరగా ఉంటే నువ్వు నవ్వుకో. మీ అమ్మకి చదివి వినిపించేటప్పుడు మాత్రం సరిచేసి చదువు.

రాజోలు కరుణమ్మ గారు ఊరికి వస్తున్నారు. ఆవిడ చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చాను. మా రత్నానికి రెండు గౌన్లు, అక్కకి మోకాళ్ళ నొప్పులకి రాసుకునే మందు ఉన్నాయి. అడుగున తువ్వాలులో చుట్టి ఒక ఆట మిషను పెట్టాను. ఊదారంగుది, అరచేతిలో పడుతుంది. దాని మీద గేమ్‌బాయ్ అని రాసుంటుంది. అదీ రత్నానికే.

పిన్నికి ఆటలేంటని అనుకుంటావు. ఈ ఇంట్లో పిల్ల ఒక్కతే, పేరు దానా. మన రత్నం కంటే ఏడాది పెద్దది. మేడమ్ ఆఫీసుకి పోతుంది. పిల్ల బడినుంచి వచ్చాక తనతో ఆడడానికి ఒక మనిషి కావాలి. వంట చేసే సింహళామె ఆ మిషన్ల జోలికే రానంది. దాంతో మేడమ్ నన్ను కూర్చోబెట్టింది. మొదట్లో తెరమీద కారు కుడికి తిరిగితే నేనూ సోఫాలో కుడికి ఒరిగిపోయేదాన్ని. పిల్ల కింద పడి నవ్వేది. ఇప్పుడు ఏడాదైంది, నాకూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

టీవీకి తగిలించే ఆటలు పెళ్ళిభోజనం లాంటివి. అన్నీ ఉంటాయి, లేచాక ఏం తిన్నామో గుర్తుండదు. చేతి మిషను చద్దన్నం లాంటిది. కొట్టుకునే ఆటలు నాకు నచ్చవు. ఎందుకు కొట్టుకుంటున్నారో చెప్పరు. మన పాలెంలో తగువుకి కనీసం కారణం ఉంటుంది. అన్నిటికంటే మంచిది ఇటుకల ఆట. పైనుంచి ఇటుకలు ఒక్కొక్కటీ రకరకాలుగా పడుతుంటాయి, సందు లేకుండా సర్దాలి. వరస నిండితే ఆ వరస మాయమైపోతుంది. వల బాగుచేసే వాళ్ళకి ఇది నేర్పక్కర్లేదు. కన్ను ఎక్కడ తెగిందో చెయ్యి అక్కడికే పోతుంది.

దీన్ని ఎందుకు పంపుతున్నానో నీకు చెప్పాలి. నేను ఫోను చేసినప్పుడు రత్నాన్ని ఎస్‌టీడీ బూతుకి తీసుకొస్తున్నారు. అది ఫోను చెవికి పెట్టుకుని ఊరుకుంటుంది. నేను హలో హలో అంటూనే ఉంటాను, డబ్బులు అయిపోతాయి. తిన్నావా అంటే ఊఁ, చదువుతున్నావా అంటే ఊఁ. వచ్చే ఫిబ్రవరికి నా రెండేళ్ళూ నిండుతాయి. అప్పటికి దానికి అమ్మంటే ఎవరో తెలియకపోతే నేను ఏ మొహం పెట్టుకుని రావాలి? నేను ఆడే ఆటే దాని చేతిలో కూడా ఉంటే, మాకిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా.

మీ బాబాయిని సముద్రం మీద జాగ్రత్తగా ఉండమను.

మీ పిన్ని
సుబ్బాయమ్మ


చినపాలెం
2001 ఏప్రిల్ 9

పిన్నికి నమస్కారాలు.

పెట్టె అందింది. అమ్మ మందు రాసుకుని ఆ వాసనకే సగం నొప్పి పోయిందంటోంది.

మిషను చూసినప్పుడు నాకు కోపం వచ్చిందని దాచకుండా రాస్తున్నాను. మన ఇళ్ళలో బడి మొహం చూసింది నేను మొదటిదాన్ని. రోజూ పంటు మీద గోదావరి దాటి నర్సాపురం కాలేజీకి వెళ్తున్నానంటే అది ఎంత తేలిగ్గా వచ్చిందో నీకు తెలుసు. రత్నం రెండోది కావాలని నా ఆశ. రాత్రి మా ఇంట్లోనే పడుకోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. ఇలాంటప్పుడు ఆట మిషనా అనుకున్నాను. వారం రోజులు బియ్యం డబ్బాలో దాచాను కూడా. తర్వాత, ఇదేమిటో నేనే చూసి చెప్దామని తీశాను. తీశాక నాకు పంటు తప్పిపోయింది.

కాబట్టి నా అభిప్రాయాలు కూడా విను. మొదటిది, తెరలో దీపం లేదు. ఎండలో పెడితే మెరుస్తుంది, నీడలో పెడితే కనబడదు. గుమ్మంలో ఒక పక్కకి తిరిగి, మెడ వంచి కూర్చుంటేనే ఆడగలం. దీన్ని తయారుచేసినవాళ్ళు మన తాటాకిళ్ళు చూడలేదు. రెండోది, ఇటుకల ఆట గురించి నువ్వు రాసింది నిజం. ఆ ఆటలో ఎవరూ శత్రువులు కారు, మన తొందరే మనకి శత్రువు. ఇది నాకు చాలా నచ్చింది. మూడోది, మిషనుతో పాటు నువ్వు పంపిన చేపల ఆట ఉత్త బూటకం. టోపీ పెట్టుకున్న మనిషి పడవలో నిలబడతాడు, మీట నొక్కితే చేప వస్తుంది. బాబాయి కాసేపు చూశాడు.

"వీడికి గాలి లేదు, పోటు లేదు, పాటు లేదు. వీడు చేపలు పట్టేవోడు కాదే, కొనుక్కునేవోడు," అన్నాడు.

రత్నం నవ్వింది. నువ్వు వెళ్ళాక బాబాయి మాటకి అది పైకి నవ్వడం నేను చూడలేదు.

నాలుగోది పెద్ద చిక్కు. ఇది సెల్లు తింటుంది. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే వారం తిరక్కుండానే అయిపోతున్నాయి. అయిపోయినవాటిని రత్నం ఇంటికప్పు మీద ఎండుచేపల పక్కన ఆరబెడుతోంది. ఎండ తగిలితే సెల్లుకి ఊపిరొస్తుందని మనవాళ్ళంతా చేసేదే. వస్తుంది కూడా, కాసేపు.

నీ గురించి అడిగిందా అని రాయమంటావు. అడగలేదు. "ఇది అమ్మ ఆడినదేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. మీటల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

దుర్గ


కువైట్
2001 జూన్ 24

దుర్గా,

"ఇది అమ్మ ఆడినదేనా" అన్న ముక్క దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను.

దానికి చెప్పు, పొడుగు ఇటుక వస్తుందని ఒక పక్క గొయ్యి వదిలి కూర్చోకూడదు. అది కావాల్సినప్పుడు రాదు. గొయ్యి లోతైపోతుంది. వచ్చినదాంతోనే సర్దుకోవాలి. సెల్లు మిగలాలంటే చప్పుడు పూర్తిగా తగ్గించి ఆడమను. చేపల ఆట గురించి మీ బాబాయి అన్నది సింహళామెకి చెప్తే ఆమె కూడా నవ్వింది. ఆమె మొగుడూ వేటకి పోయేవాడేనట.

ఇక్కడ నా ఆట వేరు. దానా ఓడిపోతే అన్నం తినదు. కంచం తోసేస్తుంది. మేడమ్ వచ్చి నన్ను అడుగుతుంది. అందుకని ఓడిపోవడం నేర్చుకున్నాను. ఊరికే ఓడిపోతే కనిపెట్టేస్తుంది, కోపం వస్తుంది. గెలుస్తున్నట్టే ఉండి, ఆఖర్న చెయ్యి జారినట్టు ఓడాలి. గెలవడం కంటే అది కష్టం. ఈ పని నాకంటే బాగా చేసేవాళ్ళు లేరని మేడమ్‌కి తెలిసిపోయింది. ఇంకో రెండేళ్ళు ఉండమంటోంది. నేను ఏమీ చెప్పలేదు. ఉంటే ఇల్లు డాబా అవుతుంది. కానీ రత్నం నాతో మాట్లాడితే ఇక ఏ డాబా అక్కర్లేదు, వచ్చేస్తాను. ఊఁ కొడుతూనే ఉంటే, ఉండిపోవడమే నయమేమో.

పిన్ని


చినపాలెం
2001 అక్టోబరు 11

పిన్నికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మొదట రత్నం రాస్తానంది. దాని చేతిరాతే ఇది:

అమ్మా నాకు 61 వరసలు వచ్చాయి. నీకు ఎన్ని. గొయ్యి వదలటం లేదు. పాలెంలో నాకే ఎక్కువ. అక్కకి 38. రత్నం.

నా లెక్క రాయాల్సిన అవసరం లేదు, అయినా రాసింది. నిన్న బూతు దగ్గర నీతో అది అంతసేపు మాట్లాడుతుంటే, వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు. నేను పట్టించుకోలేదు.

పిన్నీ, ఫిబ్రవరిలో వచ్చేయి. డాబా తర్వాత చూసుకోవచ్చు. రెండు మిషన్లని కలిపే తీగ ఒకటి ఉంటుందట, నర్సాపురంలో మా క్లాసు అమ్మాయి చెప్పింది, నువ్వు వచ్చేటప్పుడు అదీ ఇంకో మిషనూ తీసుకురా. దాంతో ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకే ఆట ఆడుకోవచ్చు. రత్నం దానికోసమే సాధన చేస్తోంది. "అమ్మ కావాలని ఓడిపోతే నాకు తెలిసిపోతుంది," అంటోంది.

ఒక్క సంగతి. లెక్కల్లో దానికి మార్కులు తగ్గాయి. పరీక్షలు అయ్యేదాకా కొత్త సెల్లు కొననని గట్టిగా చెప్పేశాను. మొహం ముడుచుకుంది. అది ఫోనులో నామీద చెప్తే నువ్వు నమ్మకు. ఆట మంచిదే, చదువు తర్వాత.

దసరాకి బాబాయి పడవకి రంగు వేయిస్తున్నాడు. ముసలయ్య పెదనాన్నే దగ్గరుండి అన్నీ చూస్తున్నాడు. ఇద్దరూ పొద్దున్నే ఒకే పడవలో పోయి, వచ్చాక సాయంత్రందాకా ఒకే అరుగు మీద పోట్లాడుకుంటారు. పాపాయి పెద్దమ్మ వాళ్ళిద్దరికీ ఒకే కేకతో అన్నం పెడుతోంది.

దుర్గ


చినపాలెం
2001 నవంబరు 14

పిన్నికి,

ఎవరో ఒకరు నీకు ఫోనులో చెప్పే ఉంటారు. అయినా నేను రాయాలి.

దసరా వెళ్ళిన తర్వాత వారంలో వాయుగుండం పట్టింది. పొద్దున వేటకి వెళ్ళేటప్పుడు ఏమీ లేదు. మధ్యాహ్నం రేడియోలో హెచ్చరిక వచ్చింది. సముద్రం మీద ఉన్నవాళ్ళు విని వలలు లాక్కుని వెనక్కి వచ్చేశారు. బాబాయి, ముసలయ్య పెదనాన్న రాలేదు. సాయంత్రానికి గాలి ముదిరింది. వాళ్ళు గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేసరికి అలలు పడవని తిరగేశాయి. బాబాయి తెడ్డు పట్టుకుని ఒడ్డు చేరాడు. పెదనాన్నని మర్నాడు తెచ్చారు.

బాబాయి భుజం జారింది, కట్టు కట్టారు. ప్రాణానికి భయం లేదు. రత్నం బాగానే ఉంది. నువ్వు కంగారు పడి ఏ నిర్ణయమూ తీసుకోకు.

ఈసారి ఆటల సంగతులు రాయడం లేదు.

దుర్గ


కువైట్
2001 డిసెంబరు 7

దుర్గా,

రత్నం బాగానే ఉంది అని ఒక్క ముక్క రాశావు. మీ బాబాయి సంగతి దాచావు. నువ్వు చదువుకున్నదానివి కాబట్టి దాచడం కూడా చక్కగా దాస్తావని తెలుసుకున్నాను.

శుక్రవారం మన వైపు వాళ్ళంతా కలుస్తాం. అంతర్వేది నుంచి కొత్తగా వచ్చినామె పదిమందిలో చెప్పింది. కులపెద్దలు కూర్చుంటే మీ బాబాయి తన నోటితో ఒప్పుకున్నాడట. రేడియోలో హెచ్చరిక విన్నానండి, వల నిండుగా పడింది, తీసుకునే వద్దామని ఆగానండి అన్నాడట. ఏడాదిపాటు పడవ ఎక్కకూడదని తీర్పు చెప్పారట. మొగుణ్ణి పోగొట్టుకున్న పాపాయక్క అతని మొహం మీద ఉమ్మేసిందట. ఆమె ఇదంతా చెప్తుంటే అందరూ నా వైపు చూశారు.

విని ఆగాడా? చేపల కోసం ముసలయ్య బావగారిని ఆపాడా? నా పెళ్ళినాడు నాకు పుట్టింటి తరఫున నిలబడ్డ మనిషి ఆయన. నేను ఇక్కడ పరాయి పిల్ల ఎంగిలి కంచం కడుగుతూ, మీ బాబాయి క్షేమంగా ఉన్నాడని ధైర్యంగా ఉన్నాను. అతనికి ఆశ ఇంతుందని పద్నాలుగేళ్ళ కాపురంలో నాకు తెలియలేదు.

నేను రాను. మేడమ్‌తో ఇంకో రెండేళ్ళు ఉంటానని చెప్పేశాను. వచ్చే నెల సంతకం. రత్నం మీ ఇంట్లోనే ఉండాలి. అతని నీడ దాని మీద పడనివ్వకు. ఆట ఎలా ఆడుతోందో రాయి. అది రాయడానికి నీకు దాచాల్సింది ఏమీ ఉండదు కదా.

సుబ్బాయమ్మ


చినపాలెం
2001 డిసెంబరు 21

పిన్నికి,

దాచాను. బాబాయి దాచమన్నాడు కాబట్టి దాచాను. నీ ఉత్తరం చదివాక ఇక దాచకూడదనుకున్నాను. దీన్ని ఎవరిచేతా చదివించుకోకు, ఎవరి ముందూ చదవకు.

తుఫాను వెళ్ళాక రత్నం మిషను ముట్టుకోలేదు. అన్నం రెండు ముద్దలు తిని లేచిపోతోంది. పెదనాన్న పోయాడని బెంగ అనుకున్నాను. మనసు మళ్ళుతుందని నేనే సెల్లు కొనుక్కొచ్చి, పాతవి తీసేద్దామని వెనక మూత తెరిచాను. లోపల ఉన్న సెల్లు రెండిటికీ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

నీకు చెప్పక్కర్లేదు. దసరానాడు బాబాయి పడవకి, వలకి, తెడ్డుకి, ఆఖరికి జేబు రేడియోలో వేసే కొత్త సెల్లుకి కూడా బొట్టు పెట్టి పూజ చేస్తాడు. అందరూ నవ్వుతారు. "సముద్రం మీద మనకి చెవి అదేరా," అంటాడు.

రత్నాన్ని అడిగాను. గోడవైపు తిరిగి పడుకుంది. అలా పడుకునే చెప్పింది. నేను దానికి సెల్లు కొనివ్వలేదు. పండగ సెలవుల్లో ఆడుకోవాలనిపించింది. రేడియోలో కొత్తవి తీసుకుని, ఎండలో పెట్టిన పాతవి అందులో వేసింది. ఊరికే వేయలేదు పిన్నీ. వేశాక రేడియో పెట్టి చూసింది. పాట వచ్చింది. పాట వస్తోంది కాబట్టి సరిపోతుందనుకుంది.

ఇంత చెప్పి నన్ను అడిగింది. "నాన్న విన్నానన్నాడు కదక్కా? హెచ్చరిక విన్నానన్నాడు. అంటే రేడియో పలికినట్టే కదా?"

బాబాయి దగ్గరికి వెళ్ళాను. పడవ ఎక్కకూడదు కనుక ఇసుకలో కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తున్నాడు, ఒంటిచేత్తో.

"బాబాయ్, రేడియో పలికిందా?" అన్నాను.

"పలికింది."

"సెల్లు ఎవరు మార్చారో నాకు తెలుసు."

చెయ్యి ఆపాడు. కానీ తల ఎత్తలేదు. "ఏ సెల్లు?" అన్నాడు.

"బొట్టు పెట్టినవి. మిషనులో ఉన్నాయి."

"తీసి గోదాట్లో పారేయి. ముందా పని చెయ్యి." మళ్ళీ దారం లాగుతూ, "పొద్దున కాసేపు పలికింది," అన్నాడు. "తరవాత గురగుర. మూత తీస్తే పాత సెల్లు. ముసలయ్యే చూశాడు. నీ కూతురు మనకి టోపీ పెట్టిందిరా అని నవ్వాడు. అప్పటికి ఆకాశం బానే ఉంది. ఒక్కరోజు రేడియో లేపోతే ఏమవుద్దిలే అన్నాడు."

"మరి పెద్దల దగ్గర విన్నానని ఎందుకు చెప్పావు?"

"వినలేదంటే ఎందుకు వినలేదంటారు. రేడియో ఏమైందంటారు. ఆ పిల్ల రేపు ఈ పాలెంలో నడవాలా వద్దా? నామీదైతే ఉమ్మేసి ఊరుకుంటారు."

"రత్నానికి నిజం తెలుసు బాబాయ్."

"నాకు తెలుసని దానికి తెలుసా?"

"తెలీదు."

"తెలీనీకు. మీ పిన్నికీ రాయకు. పంపింది తనే కదా అని కుమిలిపోద్ది."

ఇదీ జరిగింది. బాబాయి మాట వింటే, పాపాయి పెద్దమ్మ ఒక నిర్దోషి మీద పగ పెట్టుకుని బతకాలి. నిజం చెప్తే, తొమ్మిదేళ్ళ పిల్ల మీద ఆ చూపు పడుతుంది. ఈ మిషన్లన్నీ చెడ్డవని, పిల్లల చేతికి ఇవ్వకూడదని పెద్ద ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆట చెడ్డది కాదు. అంత బాగుండబట్టే రత్నం సెల్లు తీసింది. నేను కొనివ్వకపోబట్టే తీసింది. నువ్వు ఆడినది కాబట్టే దానికి అంత ఇష్టం. వీటిలో దేన్ని తప్పుపట్టాలో నాకు తెలియడం లేదు.

బాబాయికి ఆశ లేదు పిన్నీ. సంతకం పెట్టకు. రత్నానికి నువ్వు కావాలి.

దుర్గ


కువైట్
2002 జనవరి 16

దుర్గా,

ఉత్తరం చదివి స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని కూర్చున్నాను. నీళ్ళ చప్పుడుకి ఎవరికీ వినపడదు.

ముసలయ్య బావగారు నవ్వారన్నావు. ఆ నవ్వు నాకు కనబడుతోంది.

మేడమ్‌తో పోతానన్నాను. ఒప్పుకుని మాట మారుస్తావా అంది. పిల్ల ఉండలేదంది. అప్పుడు నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. ఓడిపోవడం మానేశాను. ఇటుకల ఆటలో, కారు ఆటలో, అన్నిట్లో వరసగా గెలిచాను. పిల్ల ఏడుస్తుంది, అన్నం మానేస్తుంది, విసిగి నన్ను పంపేస్తారు అనుకున్నాను. అది ఏడవలేదు. మీటలు కింద పెట్టి నన్ను చూసింది. ఇన్నాళ్ళూ కావాలని ఓడిపోయావా అని అడిగింది. అవునన్నాను. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కంచం మాత్రం ఖాళీ చేసింది. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి మనం చెప్పే అబద్ధం వాళ్ళకి ఎక్కడ తగులుతుందో మనకి తెలియదు. మీ బాబాయికి ఇది చెప్పు. వద్దు, నేనే చెప్తాను.

మేడమ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నాకొచ్చిన భాషలో. మా పిల్ల వల్ల ఒక మనిషి పోయాడు, పిల్ల అన్నం తినడం లేదు అన్నాను. ఆవిడా తల్లే. మార్చి మొదట్లో పంపుతానంది. పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది.

పాపాయక్కకి నిజం తెలియాలి. మీ బాబాయి చేసింది ప్రేమే, కానీ ఆమె మొగుడు ఎలా పోయాడో ఆమెకి తెలియకుండా చేసే హక్కు అతనికి లేదు. నాకూ లేదు. పంపింది నేను కాబట్టి నేను వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్తాను. అప్పటిదాకా ఎవరూ నోరు విప్పకండి. రత్నాన్ని ఒంటరిగా వదలకు.

పిన్ని


చినపాలెం
2002 ఫిబ్రవరి 8

పిన్నికి,

నువ్వు వచ్చేదాకా ఆగలేదు. ఆపడం నా చేతిలో లేకపోయింది.

మొన్న ఆదివారం రత్నం బాబాయి పక్కన కూర్చుని, "నాన్నా, రేడియోలో ఏమని చెప్పారు?" అని అడిగింది.

"గాలి వస్తుందని చెప్పారు."

"ఆడమనిషి చెప్పిందా, మగమనిషి చెప్పాడా?"

బాబాయి నోరు తెరిచాడు. ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. అనలేకపోయాడు. రత్నం లేచి ఇంట్లోకి వెళ్ళి, మిషను పట్టుకుని బయటికి వచ్చింది. సరాసరి పాపాయి పెద్దమ్మ ఇంటికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

పెద్దమ్మ చేపలకి ఉప్పు రాస్తోంది. ఉప్పు చేతులు అలాగే పైకెత్తి ఉండిపోయింది. నేను ఏదో చెప్పబోతే, "నువ్వాగు. చదువుకున్నదానివి, చక్కగా చెప్తావు. దాన్ని చెప్పనీ," అంది. రత్నం మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పాట వచ్చిందని కూడా చెప్పింది.

పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏదీ, ఏ ఆట కోసం తీశావో చూపించు," అంది.

మిషనులో సెల్లు లేవు. బొట్టు సెల్లు నేను గోదావరిలో వేయలేకపోయాను, ఇంట్లోనే ఉన్నాయి. అవి తెమ్మంటుందేమోనని భయపడ్డాను. ఆవిడే కొంగున ముడి విప్పి నాకు డబ్బులిచ్చి, కొట్టుకి పంపింది. తెచ్చి వేశాను. రత్నం తెర కనబడేలా మెడ వంచి కూర్చుని ఇటుకల ఆట పెట్టింది. పెద్దమ్మ దాని భుజం మీదుగా చూసింది. ఇటుకలు పడుతున్నాయి, రత్నం సర్దుతోంది. ఆ పిల్ల ఎప్పుడూ ఆడనంత అధ్వాన్నంగా ఆడింది. గోతులు పడ్డాయి, పైదాకా నిండిపోయింది. ఆట ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది పెద్దమ్మ.

"ఇంతే," అంది రత్నం.

పెద్దమ్మ తెరవైపే ఇంకా చూస్తోంది. ఈ ఆట గురించి నేను నీకు ఎన్ని అభిప్రాయాలు రాశానో ఆ క్షణంలో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ అడిగినదానికి వాటిలో ఒక్కటీ జవాబు కాదు.

తర్వాత లోపలికి వెళ్ళింది. ఇక తలుపు వేసేస్తుందనుకున్నాను. లోపలినుంచి, "అన్నం తిన్నావా?" అన్న కేక వినిపించింది. రత్నం లేదంది. కంచంలో అన్నం, చేపల పులుసు తెచ్చి దాని ముందు పెట్టి, ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది. దగ్గర కూర్చోలేదు. రత్నం కంచం ఖాళీ చేసింది. వచ్చేస్తుంటే పెరట్లోంచే, "మీ నాన్నని రమ్మను. చిన్నపిల్లని ముందుపెట్టి పెద్దోళ్ళు దాక్కోకూడదు," అంది.

బాబాయి ఆ సాయంత్రమే వెళ్ళాడు. చాలాసేపు లోపలే ఉన్నాడు. ఏడుపు వినబడింది, ఎవరిదో నాకు తెలియలేదు. కులపెద్దలు మళ్ళీ కూర్చుంటారట. ఏం తేలుస్తారో చెప్పలేను. పాలెంలో ఇప్పటికే సగంమందికి తెలుసు. నూతి దగ్గర రత్నాన్ని చూసి ఇద్దరు మాటలు ఆపేశారు. పెద్దమ్మ క్షమించిందని నేను రాయను, నాకు తెలియదు కనుక. నిన్న మళ్ళీ రత్నాన్ని పిలిచి అన్నం పెట్టింది.

నువ్వు వచ్చే తేదీ తెలిస్తే బూతుకి ఫోను చెయ్యి. కింద రత్నం రాస్తోంది. నన్ను చూడొద్దని చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చూడకుండానే కవరు అంటిస్తాను.

దుర్గ

అమ్మా పెద్దమ్మకి చెప్పేశాను. కొట్టలేదు. నువ్వు కొడతావా. కొట్టినా రా.
రత్నం